మెట్లవాడ ముసలమ్మలు, మంచం శాసనం

అనగనగా, మీ అమ్మమ్మకి అమ్మమ్మ ఇంకా ఉయ్యాల్లో బోసినోటితో నవ్వుతున్న రోజుల్లో, చిలకలకొండ అనే రాజ్యం ఒకటి ఉండేది.

ఆ కొండకి తూర్పున రాజుగారి కోట. పడమట మెట్లవాడ. మెట్లవాడ అంటే వీధంతా మెట్లేనర్రా! కింది నుంచి పైదాకా రెండువందల రాతిమెట్లు. అటూ ఇటూ ఇళ్ళు. ఇళ్ళన్నీ దాటి కొండకొమ్ముకి చేరితే, అక్కడ రాతి సందులోంచి ఒక ఊట. ఆ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళకి ఇంకో నీళ్ళు గొంతు దిగవని మెట్లవాడ జనం గొప్పలు పోయేవారు.

ఆ వాడలో ముసలమ్మలు చాలామంది ఉన్నా, ఒక జట్టుగా బతికేవాళ్ళు ముగ్గురు.

అన్నిటికన్నా కింది ఇల్లు గౌరక్కది. డెబ్బై రెండేళ్ళ మనిషి. వెదురుబుట్టలు అల్లేది. చేతులు గట్టివి, నోరు ఇంకా గట్టిది. మోకాలు మాత్రం మాట వినేది కాదు.

ఇరవై మెట్లు ఎక్కితే సుంకులమ్మ ఇల్లు. ఒకప్పుడు ఊరందరి బట్టలూ ఉతికిన మనిషి. చెవులు వినబడవు. ఎదుటివాళ్ళ మొహం చూసి మాట పట్టేసేది.

ఇంకో ఇరవై మెట్లు ఎక్కితే పేరిందేవి ఇల్లు. ఆవిడకి పురాణాలన్నీ కంఠతా వచ్చు. చూపు మాత్రం మసక. ఉప్పో బెల్లమో నాలిక మీద వేసుకుంటే తప్ప తెలిసేది కాదు.

ముగ్గురికీ వెనకా ముందూ ఎవరూ లేరు. అయినా ఒంటరిగా ఒక్కపూట కూడా బతకలేదు వాళ్ళు. ఎలాగంటారా? వాళ్ళకో కట్టు ఉండేది.

కోడి కూయగానే గౌరక్క లేచి, మోకాలికి ఆముదం రాసుకుని, కర్ర పుచ్చుకుని బయలుదేరేది. సుంకులమ్మకి తలుపు చప్పుడు వినబడదు కదా, అందుకని ఆవిడ మణికట్టుకి తాడు కట్టుకుని పడుకునేది. తాడు రెండో కొస తలుపు సందులోంచి బయటికి వేలాడుతూ ఉండేది. గౌరక్క ఆ తాడుని మూడుసార్లు లాగేది. లోపలినుంచి సుంకులమ్మ మూడుసార్లు లాగి, "బతికే ఉన్నానక్కా!" అని వీధంతా వినబడేలా అరిచేది. తరవాత సుంకులమ్మ పైకెక్కి పేరిందేవి తలుపు కర్రతో తట్టేది. పేరిందేవి, "ఎప్పుడో లేచాను, నీ కర్ర విరగ!" అని తిట్టుకుంటూ తలుపు తీసేది.

ఏ ఇంట్లోంచి జవాబు రాకపోయినా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాల్సిందే. అదీ కట్టు. మూడేళ్ళ కిందట పేరిందేవి జ్వరంతో ఒళ్ళు తెలియకుండా పడి ఉంటే, ఆ కట్టే ఆవిడ ప్రాణం నిలబెట్టింది.

ఇంకో కట్టు కూడా ఉంది. దాన్ని గుర్తుపెట్టుకోండి. మెట్లు ఎక్కేటప్పుడు అందరికన్నా మెల్లగా నడిచే మనిషి ముందు నడవాలి. మిగతావాళ్ళు ఆవిడ వెనకే నడవాలి, దాటిపోకూడదు. మెల్లగా నడిచేవాళ్ళు వెనకాల ఉంటే, ఆగిపోయినా పడిపోయినా ముందున్నవాళ్ళకి తెలియదు కదా!

అలా రోజూ తెల్లారేసరికి ముగ్గురూ చిన్న చిన్న ముంతలు పట్టుకుని ఊటకి ఎక్కేవారు. అక్కడ కూర్చుని రాగి అంబలి తాగేవారు. పేరిందేవి సూదికి సుంకులమ్మ దారం ఎక్కించేది. సుంకులమ్మకి ఊరి కబుర్లన్నీ గౌరక్క చేతులు తిప్పుతూ చెప్పేది. గౌరక్క మోకాలు పేరిందేవి పిసికేది. ఎవరైనా ఊరగాయ రెండోసారి వేసుకుంటే మిగతా ఇద్దరూ గయ్యిమనేవారు. ఇంటికొచ్చాక ఎవరి పని వారిది. సాయంత్రం మళ్ళీ ముగ్గురికీ ఒకే పొయ్యి.

ఇలా సుఖంగా ఉండగా ఒకనాడు వాడలో దండోరా మోగింది.

"వినండహో! చంద్రకేతు మహారాజుగారి శాసనం! అరవై ఏళ్ళు దాటిన ఆడవారు నేటినుంచి మెట్లు ఎక్కరాదు. నీళ్ళు మోయరాదు. మంచం దిగరాదు! వారికి మంచమూ, బూరుగుదూది పరుపూ, మూడుపూటలా అన్నపానాలూ రాజుగారే ఇస్తారహో!"

ఎందుకొచ్చిందీ శాసనం? రాజుగారు చెడ్డవాడు కాదు. ఆయనకి తల్లి నాగాంబ అంటే పంచప్రాణాలు. పదకొండు నెలల కిందట ఆ తల్లి స్నానాలగదిలో కాలుజారి పడింది. ఎముక విరగలేదు, నెత్తురు చుక్క రాలేదు. కానీ రాజుగారి గుండె జారిపోయింది. ఆస్థాన వైద్యుడు శంఖపాణి నాడి పట్టి చూసి, "ఇక రాజమాత మంచం దిగితే నాది పూచీ కాదు," అన్నాడు. ఆనాడు పడుకున్న రాజమాత మళ్ళీ లేవలేదు. రాజ్యంలో ఏ తల్లీ ఇక పడకూడదని రాజుగారు ఈ శాసనం వేశాడు.

మరి అరవై దాటిన మగవారి సంగతేమిటంటారా? శాసనంలో ఆ ఊసే లేదు. రాసింది శంఖపాణి. ఆయనకి అరవై ఆరు.

సరే, మర్నాడు మెట్లవాడ ముసలమ్మలందరికీ మంచాలూ పరుపులూ వచ్చాయి. మిగతావాళ్ళు భయపడి మంచమెక్కారు. గౌరక్క పరుపు నొక్కి చూసింది. "అబ్బ, ఎంత మెత్తగా ఉందో!" అంది. మంచం వీధిలోకి ఈడ్చి, దానిమీద పాతచీర పరిచి, గుమ్మడి వడియాలు పెట్టింది. సుంకులమ్మ, పేరిందేవిల మంచాలమీద మిరపకాయలు ఎండాయి. ముగ్గురు ముసలమ్మలూ ఊటకి వెళ్ళిపోయారు.

శంఖపాణికి ఒళ్ళు మండింది. ఊటకి పోయే దారికి అడ్డంగా పెద్ద వెదురుతడక కట్టించి, ఇద్దరు భటుల్ని కాపలా పెట్టాడు.

మర్నాడు గౌరక్క తడక ముందు చతికిలబడింది. "ఏం నాయనా, దీన్ని కట్టింది ఎవరు? ముడి వెయ్యడం కూడా రాదు!" అంటూ కట్లు ఒక్కొక్కటీ విప్పింది. బుట్టలల్లే చేతులకి అదెంత పని! మాటల్లో పెట్టి, దారి ఖాళీ చేసి, ఆ వెదురుబద్దలతోనే రెండు బుట్టలు అల్లి భటుల చేతికిచ్చింది. "మీ అమ్మలకి ఇవ్వండి. రేపు వాళ్ళనీ రమ్మనండి," అంది. భటులు గుడ్లప్పగించి చూస్తూ ఉండిపోయారు.

మూడోనాడు పన్నెండుమంది భటులొచ్చారు. "మంచం దిగితే చెరసాల!" అన్నారు. ముగ్గురూ బుద్ధిగా మంచాలెక్కి పడుకున్నారు.

భటులు హమ్మయ్య అనుకున్నారు. అప్పుడు పేరిందేవి అడిగింది. "శాసనంలో మంచం దిగకూడదని ఉంది. మంచం ఎక్కడ ఉండాలో ఉందా బాబూ?"

భటులు తాటాకు తీసి చదివారు. లేదు.

"అయితే మంచాలు ఎత్తి ఊట దగ్గరికి మొయ్యండి. మేం అక్కడ పడుకుంటాం. అన్నపానాలు రాజుగారివి అన్నారుగా. మా పానం అక్కడుంది!"

ఏం చేస్తారు పాపం! మంచానికి నలుగురు చొప్పున పన్నెండుమందీ రెండువందల మెట్లు మోశారు. పైకెళ్ళేసరికి వయసులో ఉన్న భటులు రొప్పుతూ కూలబడ్డారు. ముసలమ్మలు మంచాలమీద కూర్చుని వాళ్ళకి విసనకర్రతో విసిరారు. వాడంతా పడీపడీ నవ్వింది.

ఆ నవ్వు కోటదాకా వినబడింది. ముగ్గుర్నీ సభకి తీసుకురమ్మని రాజుగారు కబురుపెట్టాడు.

సభలో సింహాసనం పక్కన వెండిమంచం. దానిమీద రాజమాత నాగాంబ. తల్లి కళ్ళముందు లేకపోతే రాజుగారికి నిమిషం తోచదు. అందుకని ఆవిణ్ణి మంచంతో సహా సభలో పెట్టుకున్నాడు. ఆవిడ పైకప్పు కేసి చూస్తూ పడుకుని ఉంది. ఉలుకూ పలుకూ లేదు.

"అమ్మలారా! మీ మేలు కోరి శాసనం చేశాను. ఎందుకు ధిక్కరిస్తున్నారు?" అన్నాడు రాజుగారు.

"మా మేలు కోరారు, సంతోషం మారాజా," అంది గౌరక్క. "మరి మమ్మల్ని ఒక్క ముక్క అడిగారా?"

సభ నోరెళ్ళబెట్టింది. శంఖపాణి ముందుకొచ్చాడు. "అడగడమేమిటి? ఈ వయసులో ఎముక ఎండుపుల్ల! మెట్ల మీద పడితే ఏం చేస్తావు?"

"పడితే లేస్తాను. లేవలేకపోతే నా వెనకాల ఇద్దరుంటారు, లేపుతారు. రాజమాత పడ్డప్పుడు మీరేం చేశారు వైద్యుడుగారూ?"

"ఎనిమిదిమంది దాసీలచేత పువ్వులా ఎత్తించి మంచం మీద పడుకోబెట్టాను!"

"అదే నేనూ అంటున్నాను. ఆవిణ్ణి ఎత్తారు గానీ లేపలేదు. పదకొండు నెలలు పడుకోబెడితే మీ కాళ్ళూ పడిపోతాయి, రాజుగారి ఏనుగు కాళ్ళూ పడిపోతాయి! ఆ తల్లిని మాతో పంపండి. నడిపించి చూపిస్తాం."

శంఖపాణి పకపకా నవ్వాడు. "అలాగా! అరవై రోజులు గడువు. అరవయ్యోనాడు ఊట పక్కనున్న నల్లరాయి మీద ఎండ పడేలోగా రాజమాత తన కాళ్ళతో రెండువందల మెట్లూ ఎక్కాలి. ఎక్కకపోతే మీ ముగ్గురూ చచ్చేదాకా మంచం దిగరాదు. మూడిళ్ళకీ బయట తాళం పడుతుంది. ఒకరి మొహం ఒకరు చూడరు. సమ్మతమేనా?"

సుంకులమ్మ అతని మొహం చూసి, మాట అర్థం చేసుకుని, గౌరక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంచానికి వాళ్ళు భయపడలేదు. మూడు తాళాలకి భయపడ్డారు. తాళం పడితే తాడు లాగేదెవరు? తలుపు తట్టేదెవరు?

అప్పుడు వెండిమంచం మీంచి ఒక గొంతు వినబడింది. "మీలో మీరు పందెం వేసుకుంటున్నారు. ఎక్కాల్సింది నేను కదా. నన్నడగరేం?"

సభంతా ఉలిక్కిపడింది. రాజమాత మాట్లాడి ఎన్ని నెలలైందో!

గౌరక్క మంచం దగ్గరికి వెళ్ళింది. "తప్పైంది తల్లీ. ఇప్పుడు అడుగుతున్నాను. వస్తావా?"

"ఈ కప్పు మీద ఎనభై నాలుగు తామరపూలు చెక్కారు," అంది నాగాంబ. "రోజూ అవే చూస్తున్నాను. ఒక పువ్వుకి రేకు విరిగింది. అది రాత్రి కలలోకి కూడా వస్తోంది. నన్ను తీసుకుపోండి."

రాజుగారి కళ్ళు చెమర్చాయి. భయపడుతూనే సరేనన్నాడు.

భటులు పల్లకీలో మోసుకొస్తే రాజమాత పేరిందేవి ఇంట్లో దిగింది. మొదటిరోజే గొడవ. రాగి అంబలి చూసి మొహం చిట్లించి, "నేతిలో వేయించిన అటుకులు లేవా? ఇది మనుషులు తాగేదేనా?" అని ముంత విసిరికొట్టింది. సుంకులమ్మకి ఆ కేకలు వినబడవు కదా! నేల తుడిచి, ఇంకో ముంత నింపి, నవ్వుతూ అందించింది. అదీ పోయింది. మూడోది అందించింది. మూడోది రాజమాత తాగింది. ఆకలి అలాంటిది మరి.

"ఇంకో మాట తల్లీ," అంది గౌరక్క. "మా వాడలో రాజమాతలు లేరు. అక్కలూ వదినలూ ఉన్నారు. నువ్విక మా నాగాంబ వదినవి. తాగిన ముంత నువ్వే కడుక్కోవాలి."

ఆ మాటకి నాగాంబ మూడురోజులు అలిగింది. నాలుగోరోజు ముంత కడిగింది.

మొదటి ఇరవై రోజులూ కూర్చోవడమే నేర్చుకుంది. గోడకి ఆనుకుని మునగాకు దూసింది. మధ్య ఇరవై రోజులూ గుమ్మం పట్టుకుని నిలబడింది. కాళ్ళు వణికితే పేరిందేవి పురాణం ఎత్తుకునేది. కథ మంచి పట్టులో ఉండగా ఆపేసి, "ఇంకో ఘడియ నిలబడితే చెబుతాను," అనేది. మెలికలు తిరుగుతూ, తిడుతూ, నాగాంబ నిలబడేది. చివరి ఇరవై రోజులూ మెట్లు. మొదటిరోజు మూడు. రెండోరోజు అయిదు. మధ్యలో ఒకరోజు ఒకటీ లేదు, ఏడుపే. ముగ్గురూ ఆవిడ పక్కన కూర్చుని, ఏడవనిచ్చి, తల దువ్వి జడ వేశారు. మర్నాడు పది ఎక్కింది, అక్కణ్ణుంచి రోజురోజుకీ పెంచుకుంటూ పోయింది.

ఎక్కినప్పుడల్లా నాగాంబే ముందు. మిగతా ముగ్గురూ వెనక. "రాజమాతని కదా, అందుకే ముందు నడిపిస్తున్నారు," అనుకుంది మొదట్లో. కట్టు సంగతి తెలిశాక పగలబడి నవ్వింది. ఏడాది పైచిలుకులో ఆవిడ నవ్వడం అదే మొదలు.

ఇక మిగిలింది మూడురోజులు. అంతలో వాన పట్టుకుంది. రెండురోజులు కురిసి వెలిసేసరికి మెట్లన్నీ పాచిపట్టి జారుతున్నాయి.

అది చూసి గౌరక్క గుండె గుభేలుమంది. నాగాంబ జారిందంటే అంతా అయిపోయినట్టే. ఎవరికైనా చెప్పాలి కదా? నలుగురూ కలిసి చెయ్యాల్సిన పనే కదా? చెప్పలేదు! "వాళ్ళు అలిసిపోయారు, పడుకోనీ," అనుకుంది. కొబ్బరిపీచు పట్టుకుని, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఒక్కతే రెండువందల మెట్లూ తోమింది. మెట్లు తళతళలాడాయి. గౌరక్క మోకాలు గుమ్మడికాయంత వాచింది.

అరవయ్యోనాడు కోడి కూసింది. గౌరక్క లేవబోయింది. లేవలేకపోయింది. కాలు నేలకి ఆనలేదు. పిలుద్దామంటే సిగ్గు! నలుగురికీ ధైర్యం చెప్పిన మనిషి, తనే కదల్లేక పడి ఉంది. "నేను లేకపోయినా వాళ్ళు వెళ్తారులే," అనుకుని గోడవైపు తిరిగి పడుకుంది.

ఇక్కడే ఉందర్రా తిరకాసు. గౌరక్క తాడు లాగితే సుంకులమ్మ లేస్తుంది. సుంకులమ్మ తట్టితే పేరిందేవి తలుపు తీస్తుంది. మరి గౌరక్క తలుపు తట్టేదెవరు? ఎవరూ లేరు! అందరినీ లేపే మనిషిని లేపడానికి ఎవరో ఒకరు ఉండాలన్న ఆలోచన ఇన్నేళ్ళలో ఆ ముగ్గురికీ తట్టలేదు.

సుంకులమ్మ తాడు కదల్లేదు. ఆవిడ నిద్రపోతూనే ఉంది. పైన పేరిందేవి ఇంట్లో నాగాంబ లేచి కూర్చుని చప్పుడు కోసం చూస్తోంది. చూస్తోంది. తెల్లవారిపోతోంది.

"పేరిందేవీ, ఇవాళ తలుపు ఎవరూ తట్టలేదేం?"

పేరిందేవి మొహం పాలిపోయింది. "గౌరక్కకేదో అయింది. నాకు ఈ మసక వెలుతురులో మెట్లు కనబడవు. వదినా, నువ్వు వెళ్ళగలవా?"

నాగాంబ ఎప్పుడూ ఒంటరిగా ఒక్క మెట్టు కూడా దిగలేదు. వెనక ముగ్గురుంటేనే అడుగు వేసిన మనిషి. అప్పుడు మాత్రం ఆగలేదు. పేరిందేవి కర్ర అందుకుంది, గోడ పట్టుకుంది, దిగింది. కాలు వణికింది. దిగింది. ఇరవై మెట్లు దిగి సుంకులమ్మ తాడు మూడుసార్లు లాగింది. "బతికే ఉన్నానక్కా!" అని కేక వచ్చింది. ఇంకో ఇరవై మెట్లు దిగి గౌరక్క తలుపు కర్రతో తట్టింది.

జవాబు లేదు. నాగాంబ తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది.

గౌరక్క ఆవిణ్ణి చూసి లబోదిబోమంది. "నువ్వెందుకొచ్చావు వదినా! కిందికి దిగి ఓపికంతా పాడుచేసుకున్నావు! ఎండ వచ్చేస్తుంది. వెళ్ళండి, మీరు ముగ్గురూ వెళ్ళండి!"

"చూడు గౌరక్కా," అంది నాగాంబ. ఆ గొంతులో రాజమాత దర్పం తిరిగొచ్చింది. "నిన్ను ఎత్తించమంటావా, లేపమంటావా?"

గౌరక్క కళ్ళనీళ్ళు తుడుచుకుంది. "లేపు," అంది.

ఈలోగా సుంకులమ్మ దిగి వచ్చింది. మోకాలికి ఆముదం పట్టించి, పాతచీర చింపి గట్టిగా కట్టు కట్టింది. చెరో రెక్కా పట్టుకుని గౌరక్కని నిలబెట్టారు. వీధిలోకి రాగానే నాగాంబ ఆగి, పక్కకి తప్పుకుంది. "ఇవాళ అందరికన్నా మెల్లగా నడిచేది నువ్వు. ముందు నువ్వు నడువు."

"వద్దు వదినా, ఓడిపోతాం!"

"మెట్లవాడ కట్టు చెప్పింది నువ్వే. నడువు."

గౌరక్క ముందు, నాగాంబ ఆవిడ వెనక, సుంకులమ్మ ఆ వెనక. నలభయ్యో మెట్టు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డ పేరిందేవి కూడా కలిసింది. ఒక మెట్టు. ఆగడం. ఇంకో మెట్టు. ఆగడం. వాడ జనం తలుపులు తీసి నిలబడ్డారు. వందో మెట్టు దగ్గర కొండకొమ్ము ఎర్రబడింది. నూట ఎనభయ్యో మెట్టు దగ్గర నల్లరాయి మీద ఎండ పడింది.

పైన రాజుగారు తొంగి చూస్తున్నాడు. శంఖపాణి చప్పట్లు చరిచాడు. "గడువు దాటింది! తాళాలు తీసుకురండి!"

ఆ మాట విన్నా వాళ్ళు ఆగలేదు. వరస కూడా మార్చలేదు. మిగిలిన ఇరవై మెట్లూ అలాగే ఎక్కి నలుగురూ పైకొచ్చి నిలబడ్డారు. నాగాంబ మొహం చెమటతో మెరుస్తోంది. కాళ్ళు నేలమీద గట్టిగా ఆని ఉన్నాయి.

"అమ్మా!" అన్నాడు రాజుగారు. "నువ్వు నడవగలవు. నా కళ్ళతో చూశాను. ఆ గౌరక్కని దాటి వచ్చేసి ఉంటే ఎండ పడకముందే పైకి చేరేదానివి. గెలిచేదానివి కదమ్మా!"

"గెలిచేదాన్నే నాయనా. మరి రేపు నా తలుపు ఎవరు తట్టేవారు?"

రాజుగారు పైపంచెతో తల్లి చెమట తుడిచాడు.

"నువ్వు నాకు ఎనిమిదిమంది దాసీలనిచ్చావు, వెండిమంచం ఇచ్చావు," అంది ఆ తల్లి. "పదకొండు నెలల్లో ఒక్కరోజైనా ఎవరూ 'లేచావా?' అని నన్ను అడగలేదు. వీళ్ళు రోజూ అడిగారు. గడువు దాటింది, ఒప్పుకుంటాను. తాళాలు తీసుకురా. మూడు కాదు, నాలుగు తీసుకురా. నాలుగోది నాకు. రండి, ఎవరు పడుకోబెడతారో నేనూ చూస్తాను!"

ఆ మాటతో కర్ర నేలకేసి కొట్టింది. పక్కన గౌరక్క కర్ర కొట్టింది. సుంకులమ్మ కొట్టింది. పేరిందేవి ముంత కొట్టింది. అంతలో మెట్ల మీంచి కూడా టకటకమని చప్పుడు. రాజుగారు వంగి చూస్తే ఏముంది! మెట్లవాడలో మంచాలకి కట్టుబడ్డ ముసలమ్మలందరూ కర్రలు పట్టుకుని వరసగా ఎక్కి వస్తున్నారు. అందరికన్నా ముందు తొంభై ఏళ్ళ ముదుసలి, ఒక్కొక్క మెట్టూ కూర్చుని మరీ ఎక్కుతోంది. ఒక్కరూ ఆవిణ్ణి దాటడం లేదు. వాళ్ళ వెనక, వెదురుబుట్టలు పట్టుకుని ఆ ఇద్దరు భటుల తల్లులు!

రాజుగారు శాసనం తాటాకు తెప్పించి, రెండుగా చీల్చి, ఊట కాలవలో వదిలేశాడు. ముసలమ్మలందరి ముందూ చేతులు జోడించాడు. "నా భయానికి మిమ్మల్ని మంచాలకి కట్టేశాను. మన్నించండి తల్లులారా," అన్నాడు.

"మన్నిస్తాంలే," అంది గౌరక్క. "ఈసారి శాసనం రాసేముందు మాత్రం వచ్చి అడుగు."

శంఖపాణికి శిక్ష ఏమీ వెయ్యలేదు. రోజూ తెల్లవారగానే మెట్లెక్కి ఊటకి రమ్మన్నారు, అంతే. మొదటిరోజు యాభయ్యో మెట్టు దగ్గరే రొప్పుతూ కూలబడ్డాడు. సుంకులమ్మ అతని మొహం చూసి సంగతి గ్రహించి, నవ్వి, అతన్ని వరసలో అందరికన్నా ముందు నిలబెట్టింది.

రాజమాత మళ్ళీ వెండిమంచం ఎక్కలేదు. పేరిందేవి ఇంట్లోనే ఉండిపోయింది. కొడుకుని చూడాలనిపిస్తే కోటకి నడిచి వెళ్ళేది. వాడ కట్టు మాత్రం ఒక్కటి మారింది. గౌరక్క సుంకులమ్మ తాడు లాగకముందే, కోడి కూయగానే నాగాంబ నలభై మెట్లు దిగి వచ్చి గౌరక్క తలుపు తట్టేది. "లేచావా?" అని అడిగేది.

"బతికే ఉన్నాను వదినా!" అని లోపలినుంచి కేక వచ్చేది. ఇక ఆ వాడలో ఎవరూ తట్టని తలుపంటూ ఒక్కటి కూడా లేదు.

కథలన్నీ కంచికి పోతాయంటారు. ఈ కథ మాత్రం మొండికేసి, కర్ర పట్టుకుని, మెట్లెక్కి ఊట దగ్గరికి పోయింది. మనం ఇంటికి పోదాం, పోతూ పోతూ పక్కింటి అవ్వ తలుపు ఒక్కసారి తడదాం.

నీతి: పడతారన్న భయంతో పెద్దవారిని మంచానికి కట్టడం ప్రేమ కాదు, మెల్లగా నడిచేవారిని ముందుంచుకుని, రోజూ ఒకరినొకరు లేపుకుంటూ కలిసి నడిచేవారిని ఏ వయసూ ఓడించలేదు.